వాయిదా పడిన న్యాయం

ఓడినవాడు కోర్టులోనే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చాడని తెలుగునాట ఒక సామెత ఉన్నది. వ్యాజ్యం మనిషి ధనాన్నీ, కాలాన్నీ, మనశ్శాంతినీ ఏ విధంగా హరించివేస్తుందో తరతరాల అనుభవం మీద మన పెద్దలు చెప్పిన మాట అది. అయితే ఆ సామెతలో ఇద్దరే ఉన్నారు. గెలవక, ఓడక, తీర్పు కోసం ఎదురుచూస్తూ కూర్చున్న మూడవవాని ఊసు అందులో లేదు. 2020వ సంవత్సరంలో కరోనా మహమ్మారి న్యాయస్థానాల తలుపులు మూయించినప్పుడు మన దేశంలో ఈ మూడవవారు కోట్ల సంఖ్యలో ఉన్నారు. ఆసుపత్రుల ముందు బారులు తీరిన రోగులను లోకం చూసింది. కాలినడకన స్వగ్రామాలకు తరలిన వలస కూలీలను చూసి కంటతడి పెట్టింది. బడికి దూరమైన పిల్లల చదువుల గురించి చర్చించింది. కానీ వాయిదా కాగితం చేతపట్టుకొని ఇంట్లోనే మగ్గిపోయిన కక్షిదారుని గురించి ఆలోచించినవారు తక్కువ. ఆ కష్టాన్ని అర్థం చేసుకోవడం, అది మళ్లీ రాకుండా ఏమి చేయవచ్చునో యోచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ జరిగింది. మార్చి 25 నుంచి దేశవ్యాప్తంగా లాక్‌డౌన్ అమలులోకి వచ్చింది. బస్సులు, రైళ్లు నిలిచిపోయాయి. సుప్రీంకోర్టు మొదలుకొని తాలూకా కేంద్రంలోని మున్సిఫు కోర్టు వరకు నిత్య విచారణలు ఆగిపోయాయి. అత్యవసరమైనవని తోచిన కొన్ని కేసులను మాత్రమే న్యాయమూర్తులు విన్నారు. మిగిలినవన్నీ మరొక తేదీకి, ఆ తేదీ వచ్చేసరికి ఇంకొక తేదీకి వాయిదా పడ్డాయి. క్రమంగా ఆంక్షలు సడలినా 2021లో రెండవ విడత విజృంభణ వచ్చింది. ఆ ఏడాది మే నెలలో ఆంధ్రప్రదేశ్‌లో కర్ఫ్యూ, తెలంగాణలో లాక్‌డౌన్ విధించవలసి వచ్చింది. తెరుచుకున్న తలుపులు మళ్లీ మూతపడ్డాయి.

ఈ మూసివేత అనవసరమని ఎవరూ అనలేరు. మన జిల్లా న్యాయస్థానాల ఆవరణను ఒక్కసారి చూసినవారికి సంగతి సులభంగా బోధపడుతుంది. ఉదయం పది గంటలయ్యేసరికి వకీళ్లు, గుమాస్తాలు, కక్షిదారులు, సాక్షులు, పోలీసులు, బేడీలతో తెచ్చిన ఖైదీలు, స్టాంపులు అమ్మేవారు, టైపు చేసేవారు ఇరుకైన వరండాలలో ఒకరినొకరు ఒరుసుకుంటూ నిలబడతారు. బంట్రోతు పేరు పిలిచే పిలుపు వినబడదేమోనని అందరూ గుమ్మం దగ్గరనే గుమిగూడతారు. అంటువ్యాధికి అంతకంటే అనువైన స్థలం ఉండదు. న్యాయమూర్తులలో, న్యాయవాదులలో, సిబ్బందిలో అనేకులు ఆ రోజుల్లో వ్యాధికి బలి అయ్యారు. ప్రాణమున్నప్పుడే కదా హక్కుల మాట! కనుక తలుపులు మూయడం తప్పని విమర్శించడం న్యాయం కాదు. మూసిన తలుపు వెలుపల నిలిచిపోయిన మనిషికి మనం ఏ ఏర్పాటు చేశామన్నదే అడగవలసిన ప్రశ్న.

ఈ విపత్తు ఆరోగ్యవంతమైన న్యాయవ్యవస్థ మీదకు రాలేదు. అప్పటికే అది అలసిపోయి ఉన్నది. 2020 ఆరంభంలో మన జిల్లా, దిగువ న్యాయస్థానాలలో పెండింగులో ఉన్న కేసులు సుమారు 3 కోట్ల 20 లక్షలు. ప్రతి పది లక్షల జనాభాకు 50 మంది న్యాయమూర్తులు ఉండాలని లా కమిషన్ 1987లోనే సిఫారసు చేసింది. మంజూరైన పదవులన్నీ లెక్కించినా నేటికీ ఆ సంఖ్యలో సగానికి మనం చేరుకోలేదు. ఇటువంటి వ్యవస్థకు మహమ్మారి గోరుచుట్టుపై రోకటిపోటు అయింది. 2022 నాటికి దిగువ న్యాయస్థానాల పెండింగు 4 కోట్లు దాటింది. నేడు అది నాలుగున్నర కోట్లను మించింది. అంకె పెద్దది కావడం వల్ల మనసుకు పట్టకపోవచ్చు. ప్రతి కేసు వెనుక కనీసం ఇద్దరు మనుషులు, వారి వెనుక రెండు కుటుంబాలు ఉన్నాయని గుర్తు చేసుకుంటే దాని బరువు తెలుస్తుంది.

సుప్రీంకోర్టు ఈ కష్టాన్ని గమనించక పోలేదు. చట్టంలో ప్రతి చర్యకూ ఒక కాలపరిమితి ఉంటుంది. దిగువ కోర్టు ఇచ్చిన సివిలు తీర్పుపై హైకోర్టులో అప్పీలు చేయడానికి 90 రోజులు, జిల్లా కోర్టులో అయితే 30 రోజులు గడువు. గడువు దాటితే హక్కు చేజారిపోతుంది. బస్సు నడవని రోజుల్లో, కోర్టు తెరవని రోజుల్లో ఆ గడువును లెక్కగట్టడం అన్యాయమవుతుంది. అందువల్ల 2020 మార్చి 23న సుప్రీంకోర్టు తనంత తానుగా ఈ విషయాన్ని చేపట్టి, మార్చి 15 నుంచి కాలపరిమితుల లెక్కను నిలిపివేసింది. పలుమార్లు మారుతూ వచ్చిన ఆ ఆదేశానికి 2022 జనవరి 10న తుదిరూపం వచ్చింది. 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు గడచిన కాలాన్ని గడువులలో లెక్కించరాదని న్యాయస్థానం ప్రకటించింది. దాదాపు రెండేళ్ల కాలాన్ని పంచాంగం నుంచి చెరిపివేసినట్టే అయింది. లక్షలాది మంది హక్కులను కాపాడిన మేలైన నిర్ణయమది.

అయితే కాగితం మీద ఆగిన కాలం జీవితంలో ఆగదు. కాలపరిమితి నిలిచిపోయింది గాని ఇంటి అద్దె నిలవలేదు. అప్పు మీద వడ్డీ నిలవలేదు. పిల్లల వయసు, వృద్ధుల అనారోగ్యం నిలవలేదు. ఇక్కడ గమనించవలసిన సూక్ష్మమొకటి ఉన్నది. వాయిదా ఇరుపక్షాలకూ సమానమైన కష్టమని పైకి అనిపిస్తుంది. నిజానికి దాదాపు ప్రతి వ్యాజ్యంలోనూ ఆలస్యం వల్ల లాభపడే పక్షం ఒకటి, నష్టపోయే పక్షం ఒకటి ఉంటాయి. పొలం ఎవరి స్వాధీనంలో ఉన్నదో వారికి ఆలస్యం ఒక పంట. డబ్బు ఎవరి చేతిలో ఉన్నదో వారికి ఆలస్యం వడ్డీలేని అప్పు. అడిగేవానికి, ఆకలిగొన్నవానికి, చెరలో ఉన్నవానికి మాత్రమే అది శిక్ష. న్యాయస్థానం మూతపడినప్పుడు అది ఏ తీర్పూ ఇవ్వడం లేదని మనం అనుకుంటాం. బలవంతుడు అప్పటికి ఎక్కడ ఉన్నాడో అక్కడే ఉండవచ్చునని అది పలకకుండానే తీర్పు ఇస్తున్నది.

కొన్ని రకాల కేసులను తీసుకొని ఈ మాటను పరిశీలిద్దాం. మొదటిది భూమి తగాదా. ఒక సన్నకారు రైతు పొలంలో అరెకరాన్ని పొరుగువాడు గట్టు జరిపి కలుపుకున్నాడని అనుకోండి. రైతు దావా వేశాడు. సాక్ష్యాలు పూర్తయి వాదనలు వినవలసిన దశలో కోర్టు మూతపడింది. ఆ రెండేళ్లలో నాలుగు పంటలు పొరుగువాని గాదెకు చేరతాయి. సర్వేరాళ్లు కనుమరుగవుతాయి. వయసు మళ్లిన సాక్షి మరణిస్తే ఆ సాక్ష్యం అతనితోపాటే మట్టిలో కలిసిపోతుంది. తరువాత ఎప్పుడో తీర్పు అనుకూలంగా వచ్చినా, పోయిన పంటల కోసం మళ్లీ లెక్కలు తేల్చుకోవలసిందే. రైతు అప్పటికి ఆ అరెకరం విలువకు మించి ఖర్చు పెట్టి ఉంటాడు.

రెండవది మనోవర్తి కేసు. భర్త విడిచిపెట్టిన స్త్రీ, ఆమె పిల్లలు తిండికీ బట్టకూ భరణం కోరుతూ మేజిస్ట్రేటును ఆశ్రయిస్తారు. శీఘ్రంగా ఊరట కలిగించడమే ఈ చట్టం లక్ష్యం. అటువంటి కేసు ఏడాదిపాటు ఆగితే ఆ ఏడాది తిండి ఎక్కడి నుంచి రావాలి? లాక్‌డౌన్‌లో ఆమెకు ఇళ్లలో పాచిపని కూడా దొరకలేదు. భర్తకు జీతం రాలేదన్న సాకు దొరికింది. ఆ రోజుల్లోనే గృహహింస ఫిర్యాదులు పెరిగాయని జాతీయ మహిళా కమిషన్ వెల్లడించింది. అంటే రక్షణ అవసరం పెరిగిన సమయంలోనే రక్షణ ఇచ్చే తలుపు మూతపడిందన్నమాట. 2020 నవంబరు 4న సుప్రీంకోర్టు ‘రజనీష్ - నేహ’ కేసులో ఒక మంచి సూత్రాన్ని స్థిరపరచింది. తీర్పు ఎప్పుడు వచ్చినా, దరఖాస్తు పెట్టిన నాటి నుంచే భరణం లెక్కించాలన్నది. న్యాయస్థానపు ఆలస్యం ఆశ్రయించినవారి నెత్తిన పడరాదన్న ధర్మం ఇందులో ఉన్నది. ఆ సొమ్ము చేతికి అందే వరకు ఆకలిని వాయిదా వేసే ఉపాయం మాత్రం ఏ చట్టంలోనూ లేదు.

మూడవది మోటారు ప్రమాద పరిహారం. కుటుంబాన్ని పోషించే వ్యక్తి లారీ కింద పడి మరణిస్తే, భార్యాబిడ్డలు ట్రిబ్యునలును ఆశ్రయిస్తారు. వారికి ఆ పరిహారమే పిల్లల చదువు, ఆడపిల్ల పెళ్లి, ఇంటి అప్పు తీరుదల. నాల్గవది చెల్లని చెక్కుల కేసు. చిన్న వ్యాపారి సరుకు అరువిచ్చి చెక్కు పుచ్చుకుంటాడు. బ్యాంకులో డబ్బు లేదని అది తిరిగి వస్తుంది. 2019 డిసెంబరు ఆఖరుకు దేశంలో పెండింగులో ఉన్న 2 కోట్ల 31 లక్షల క్రిమినల్ కేసులలో 35 లక్షలకు పైగా ఇటువంటివేనని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2021 ఏప్రిల్‌లో ఇచ్చిన ఉత్తర్వులో పేర్కొన్నది. వ్యాపారం మూతపడి, రావలసిన బాకీ రాక, తాను ఇవ్వవలసిన బాకీ ఇవ్వలేక నలిగిపోయిన చిన్న వర్తకునికి ఆ రెండేళ్లు ఎలా గడిచాయో ఊహించడం కష్టం కాదు.

ఈ చిత్రానికి రెండవ వైపు కూడా ఉన్నదని న్యాయంగా ఒప్పుకోవాలి. లాక్‌డౌన్ కాలంలో పలు హైకోర్టులు అప్పటికే ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుల గడువును మూకుమ్మడిగా పొడిగించాయి. దానివల్ల ఇల్లు ఖాళీ చేయవలసిన బీద కుటుంబం వ్యాధి కాలంలో వీధిన పడకుండా బయటపడింది. తాత్కాలిక బెయిలుపై ఉన్నవాడు జైలుకు తిరిగి వెళ్లవలసిన అవసరం తప్పింది. అయితే అదే పొడిగింపు, అన్యాయంగా స్టే తెచ్చుకున్నవానికి కూడా గొడుగు పట్టింది. విచారణ లేకుండా అందరికీ ఒకే ఉత్తర్వు ఇవ్వవలసి వచ్చినప్పుడు మంచీ చెడూ విడదీయడం సాధ్యం కాదు. విడదీయడానికే న్యాయస్థానం ఉన్నది. అది పనిచేయడం మానితే సదుద్దేశంతో ఇచ్చిన ఉత్తర్వు కూడా ఒకచోట వరమై, మరొకచోట శాపమవుతుంది.

అందరికంటే ఎక్కువగా నష్టపోయినవారు విచారణ ఖైదీలు. నేరం రుజువు కాకుండానే, తీర్పు కోసం జైలులో నిరీక్షించేవారిని విచారణ ఖైదీలు అంటారు. చట్టం దృష్టిలో వారు నిర్దోషులే. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం 2019 చివర మన జైళ్లలో 4,78,600 మంది ఉండగా వారిలో 3,30,487 మంది, అంటే నూటికి 69 మంది విచారణ ఖైదీలు. 2020 చివరకు ఈ సంఖ్య 3,71,848కి పెరిగి నూటికి 76 అయింది. 2021 చివరకు 4,27,165కి చేరి నూటికి 77 అయింది. ఇదే సమయంలో శిక్షపడిన ఖైదీల సంఖ్య 2019లో 1,44,125 నుంచి 2020లో 1,12,589కి తగ్గింది. శిక్షపడినవారిలో కొందరు పెరోలుపై వెళ్లడం ఇందుకు ఒక కారణం. తీర్పులు వెలువడక కొత్తగా శిక్షపడేవారు తగ్గడం మరొక కారణం. న్యాయస్థానం గది మూతపడినా పోలీసు ఠాణా మూతపడలేదు. అరెస్టులు సాగాయి, రిమాండులు సాగాయి, విచారణలు మాత్రం ఆగాయి. లోపలికి వెళ్లే ద్వారం తెరిచి ఉండి, బయటకు వచ్చే ద్వారం ఇరుకైతే జరిగేది ఇదే.

2019 నాటికే మన జైళ్లలో నూరుగురు పట్టే చోట సగటున 118 మంది ఉన్నారు. అటువంటి చోట మనిషికీ మనిషికీ మధ్య ఎడం పాటించడం ఎలా సాధ్యం? ఈ ప్రమాదాన్ని గుర్తించిన సుప్రీంకోర్టు 2020 మార్చి 23న ప్రతి రాష్ట్రంలోనూ ఉన్నతాధికార సంఘాన్ని నియమించి, తాత్కాలికంగా ఎవరిని విడుదల చేయవచ్చునో నిర్ణయించమని ఆదేశించింది. ఏడేళ్ల లోపు శిక్షపడే నేరాలను ఉదాహరణగా సూచించింది. 2021 మే నెలలో మళ్లీ అటువంటి ఆదేశమే ఇస్తూ, అవసరం లేని అరెస్టులు చేయరాదని పోలీసులకు గుర్తు చేసింది. వేలాది మందికి దీనివల్ల ఊరట కలిగింది. కానీ జైలులో మిగిలినవారికి ములాఖత్‌లు కూడా నిలిచిపోయాయి. తల్లి ముఖం చూడక, వకీలు మాట వినక, కేసు ఏ దశలో ఉన్నదో తెలియక వారు గడిపిన కాలం ఏ శిక్షాస్మృతిలోనూ లేని శిక్ష.

ఈ సందర్భంలో ఒక తీర్పును విద్యార్థులు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. అరెస్టయిన వ్యక్తిపై నేర తీవ్రతను బట్టి 60 లేదా 90 రోజుల్లోగా పోలీసులు అభియోగపత్రం దాఖలు చేయకపోతే అతనికి బెయిలు పొందే హక్కు వస్తుంది. లాక్‌డౌన్ వల్ల గడువులన్నీ పొడిగించారు గనుక ఈ గడువు కూడా పొడిగినట్టేనని ఒక వాదం బయలుదేరింది. మద్రాసు హైకోర్టు ఆ వాదాన్ని అంగీకరించింది. 2020 జూన్ 19న ‘ఎస్.కాశి’ కేసులో సుప్రీంకోర్టు దానిని తోసిపుచ్చింది. కక్షిదారుల హక్కులను కాపాడటానికి ఇచ్చిన పొడిగింపును, ఒక మనిషి స్వేచ్ఛను హరించడానికి వాడరాదని స్పష్టం చేసింది. విపత్తు వచ్చినంత మాత్రాన రాజ్యాంగంలోని 21వ అధికరణం నిద్రపోదన్న మాట. సత్వర విచారణ కూడా ఆ అధికరణంలో భాగమేనని 1979లోనే ‘హుస్సేనారా ఖాతూన్’ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బీహారు జైళ్లలో, తాము చేశారన్న నేరానికి పడదగిన శిక్షకంటే ఎక్కువకాలం విచారణ ఖైదీలుగా మగ్గినవారి కథ అది. నాలుగు దశాబ్దాల తరువాత కూడా ఆ పాఠాన్ని మనం మళ్లీ చదువుకోవలసి వచ్చింది.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత కూడా ఆ రోజుల్లో నిజమైంది. 2021 జూలైలో సుప్రీంకోర్టు ఆగ్రా జైలులోని 13 మందికి మధ్యంతర బెయిలు మంజూరు చేసింది. ఉత్తర్వు ప్రతి అధికారికంగా అందలేదన్న కారణంతో వారి విడుదల కొన్ని రోజులు ఆలస్యమైంది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి, తెలుగువారైన జస్టిస్ ఎన్.వి.రమణ ఈ విషయాన్ని తామే చేపట్టారు. క్షణాలలో సందేశాలు ఖండాలు దాటే యుగంలో విడుదల పత్రం కోసం ఖైదీ ఆకాశం వంక చూడవలసి రావడం ఏమిటని ఆవేదన చెందారు. దాని ఫలితంగా ఉత్తర్వులను జైళ్లకు నేరుగా, సురక్షితంగా చేరవేసే ‘ఫాస్టర్’ అనే వ్యవస్థ 2022 మార్చి 31న ప్రారంభమైంది. కష్టకాలంలో బయటపడిన లోపాన్ని శాశ్వతంగా సరిదిద్దుకోవడానికి ఇది మంచి దృష్టాంతం.

ఇక వీడియో విచారణల సంగతి. 2020 ఏప్రిల్ 6న సుప్రీంకోర్టు రాజ్యాంగంలోని 142వ అధికరణం కింద తనకున్న అధికారంతో వీడియో ద్వారా విచారణలు జరపడానికి మార్గదర్శకాలు జారీ చేసింది. దూరదృశ్య మాధ్యమంలో జిల్లా న్యాయస్థానాలే కోటికి పైగా విచారణలు జరిపాయి. గుజరాత్ హైకోర్టు ఆ ఏడాదే తన విచారణలను యూట్యూబులో అందరూ చూసే వీలు కల్పించింది. దశాబ్దంలో రాదనుకున్న మార్పు నెలలలో వచ్చింది. రాజధాని నుంచి వకీలును పిలిపించుకునే ఖర్చు తగ్గింది. శ్రీకాకుళంలోనో ఆదిలాబాదులోనో కూర్చున్న న్యాయవాది తన ఊరు దాటకుండానే హైకోర్టులో వాదించే అవకాశం కలిగింది. ఈ లాభాలను తక్కువ చేసి చూడరాదు.

కానీ ఈ కొత్త ద్వారం అందరికీ ఒకే ఎత్తులో లేదు. 2017-18లో జరిగిన జాతీయ నమూనా సర్వే ప్రకారం గ్రామీణ కుటుంబాలలో నూటికి 15 కుటుంబాలకే ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నది. కంప్యూటరు ఉన్నవి నూటికి నాలుగు మాత్రమే. తరువాతి కాలంలో సెల్‌ఫోన్లు విస్తరించినా, ఫోను ఉండటం వేరు, దానితో కోర్టు ముందు నిలబడగలగడం వేరు. 2020 సెప్టెంబరులో పార్లమెంటు స్థాయీసంఘం వర్చువల్ న్యాయస్థానాలపై ఇచ్చిన నివేదికలో ఈ అంతరాన్ని స్పష్టంగా గుర్తించింది. పరికరం లేకపోవడం, సంధానం లేకపోవడం, వాడే నేర్పు లేకపోవడం అనే మూడు అడ్డంకులను అది ప్రస్తావించింది. పైగా అప్పీలులో చట్టాంశం వాదించడానికి తెర సరిపోవచ్చు గాని, సాక్షిని అడ్డుప్రశ్నలు వేయవలసిన విచారణకు అది చాలదు. సాక్షి పక్కన కూర్చుని ఎవరు సైగ చేస్తున్నారో తెరకు కనిపించదు. అందుకే కరోనా కాలంలో పెద్ద కోర్టులలో వాదనలు ఎంతో కొంత సాగాయి, బీదవాని కేసు ఉండే చిన్న కోర్టులలో సాక్ష్యం నమోదు ఆగింది.

మరొక చిక్కు ‘అత్యవసరం’ అనే పదంలో ఉన్నది. ఏ కేసు వెంటనే వినదగినదో ఎవరు నిర్ణయించాలి? అనుభవమున్న పెద్ద వకీలు తన కక్షిదారుని కేసు ఎందుకు అత్యవసరమో నాలుగు వాక్యాలలో చక్కగా రాసి పంపగలడు. నిరక్షరాస్యుడైన కూలీకి తన కేసు అత్యవసరమని చెప్పవచ్చునన్న సంగతే తెలియదు. అడగగలిగిన వారికే అత్యవసరం దక్కితే, అడగలేని వారి ఆపద అలాగే మిగిలిపోతుంది. కనుక దీనిని వ్యక్తుల నేర్పుకు వదలకుండా, కేసు స్వభావాన్ని బట్టి ముందుగానే నిర్ణయించాలని నా అభిప్రాయం. మనిషి స్వేచ్ఛకు, ఆకలికి, శరీర రక్షణకు సంబంధించిన కేసులు, అంటే బెయిలు, భరణం, గృహహింస, ప్రమాద పరిహారం, వేతనాల కేసులు, ఏ విపత్తులోనూ పూర్తిగా ఆగరానివిగా చట్టమే ప్రకటించాలి.

న్యాయాన్ని నమ్ముకొని బతికే చిన్న జీవులను కూడా ఇక్కడ తలచుకోవాలి. కొత్తగా నల్లకోటు వేసుకొని, రోజుకు వచ్చే ఒకటి రెండు కేసులతో అద్దె చెల్లించుకునే యువ న్యాయవాదులు, వకీళ్ల గుమాస్తాలు, కోర్టు ఆవరణలో చెట్టు కింద దరఖాస్తులు రాసి పెట్టేవారు, జిరాక్సు బల్లలవారు, టీ అమ్మేవారు నెలల తరబడి రాబడి లేక అల్లాడారు. పట్నంలో గది ఖాళీ చేసి సొంత ఊరికి వెళ్లి వ్యవసాయం చూసుకున్న వకీళ్లు ఉన్నారు. వకీలు ఊరు విడిచి వెళ్తే నష్టం అతనితో ఆగదు. అతని దగ్గర కాగితాలు పెట్టిన కక్షిదారు కూడా దారి తప్పుతాడు.

మహమ్మారి ఎవరూ ఊహించనిది, దానికి ఎవరిని తప్పుపట్టగలమని కొందరు అడగవచ్చు. మొదటిసారి వచ్చినప్పుడు ఆ మాట చెల్లుతుంది. ఇప్పుడు మనకు అనుభవం ఉన్నది. అంటువ్యాధి కావచ్చు, వరద కావచ్చు, తుపాను కావచ్చు, న్యాయస్థానం మూతపడే రోజు మళ్లీ రావచ్చు. ఆసుపత్రులు, విద్యుత్తు, మంచినీరు అత్యవసర సేవలైనట్టే న్యాయం కూడా అత్యవసర సేవేనని మనం అంగీకరించాలి. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వడం మొదలుపెట్టినట్టు, ఆపద వచ్చిన తరువాత ఏర్పాట్లు చేయబూనడం తగదు.

ఇందుకు చేయదగిన పనులు అసాధ్యమైనవేమీ కావు. మండల కేంద్రంలోని ఏదైనా ప్రభుత్వ భవనంలో ఒక గదిని, ఒక తెరను, శిక్షణ పొందిన ఒక సహాయకుని ఏర్పాటు చేస్తే ఫోను లేని కక్షిదారు కూడా అక్కడి నుంచి న్యాయమూర్తికి కనిపించగలడు. వాయిదా తేదీ మారిన ప్రతిసారీ ఆ సంగతి తెలుగులో కక్షిదారునికే నేరుగా తెలియజేయాలి. జైలులోని ప్రతి విచారణ ఖైదీకి న్యాయవాదితో మాట్లాడే వ్యవధి తప్పకుండా కల్పించాలి. ఖాళీగా ఉన్న న్యాయమూర్తుల పదవులను ఎప్పటికప్పుడు భర్తీ చేయాలి. కేంద్ర మంత్రివర్గం 2023 సెప్టెంబరు 13న ఈ-కోర్టుల పథకం మూడవ దశకు 7,210 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఆ ధనం పెద్ద భవనాలలోని పెద్ద తెరలకే పరిమితమైతే ప్రయోజనం సగమే. చివరి ఊరిలోని చివరి మనిషికి అది ఒక మెట్టు కావాలి.

పౌరులుగా మనం తెలుసుకోవలసినవి కూడా ఉన్నాయి. రాజ్యాంగంలోని 39-ఎ అధికరణం ఉచిత న్యాయసహాయాన్ని రాజ్యం బాధ్యతగా నిర్దేశించింది. 1987 నాటి న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం ప్రకారం స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, దివ్యాంగులు, నిర్బంధంలో ఉన్నవారు తమ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని పొందవచ్చు. జాతీయ న్యాయసేవల సహాయ సంఖ్య 15100. ప్రతి కేసుకూ పదహారు అక్షరాలు, అంకెలతో కూడిన ఒక ప్రత్యేక గుర్తింపు సంఖ్య ఉంటుంది. దానిని ఈ-కోర్టుల యాప్‌లో నమోదు చేస్తే కేసు ఏ దశలో ఉన్నదో, తరువాతి వాయిదా ఎప్పుడో ఇంటి నుంచే తెలుసుకోవచ్చు. చదువుకున్న ఒక విద్యార్థి తన వీధిలోని ఒక వృద్ధునికి ఈ సంఖ్యను చూసి పెట్టి, వాయిదా తేదీ చదివి వినిపిస్తే, ఆ వృద్ధునికి ఒక రోజు కూలీ, ఒక బస్సు చార్జీ మిగులుతాయి. సేవ అంటే ఎప్పుడూ పెద్ద పనే కానవసరం లేదు.

ఆలస్యం అమృతం విషమని పెద్దలు అన్నారు. న్యాయం విషయంలో ఆ మాట అక్షర సత్యం. తీర్పు ఏ వైపు వచ్చినా మనిషి తట్టుకోగలడు. ఓడినవాడు మరొక దారి వెదుక్కుంటాడు, గెలిచినవాడు బతుకు సరిదిద్దుకుంటాడు. ఎటూ తేలని నిరీక్షణ మాత్రం మనిషిని ఉన్నచోటనే కట్టిపడేస్తుంది. అతడు పొలం దున్నలేడు, అమ్మలేడు, పిల్ల పెళ్లి తలపెట్టలేడు, ఊరు విడిచి పోలేడు. మహమ్మారి గడిచిపోయింది. మార్కెట్లు, బడులు, గుడులు తెరుచుకున్నాయి. ఆ రెండేళ్లలో పేరుకుపోయిన కేసుల కింద ఇంకా ఎందరో తమ వంతు కోసం ఎదురుచూస్తూనే ఉన్నారు. వారి పేరు పిలిచే దాకా మన న్యాయవ్యవస్థకు ఆ విపత్తు ముగిసినట్టు లెక్క కాదు.